వెలుతురు మారితే ఆల్గే లోపల ఏం మారుతుంది?

(రొయ్యల హ్యాచరీ టెక్నీషియన్లు, మత్స్యశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో విద్యార్థులు ఉన్నారు, వెనక హ్యాచరీల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఇలాంటి చోట మామూలుగా ముందు కూర్చున్నవాళ్ల కోసం మాట్లాడి వెనకవాళ్లను వదిలేస్తాం. ఈ రోజు తిరగేద్దాం. అర్ధరాత్రి లేచి రొయ్య పిల్లల తిండి కోసం పెంచే ఆల్గే, అంటే సూక్ష్మ శైవలాల ట్యాంకులో గాలి ఆగిపోయిందేమో చూసి వచ్చి పడుకునేవాళ్లకు పనికొచ్చేలా చెప్పాలని నా ఉద్దేశం. విద్యార్థులూ, మీరు నోట్సు రాసుకోండి. పరీక్షలో అడిగేదీ ఇదే.

హ్యాచరీకి వెళ్లి "ఆల్గే ఎలా ఉందండీ?" అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. "రంగు బాగా తిరిగింది మేడమ్" అంటారు. లేదంటే "మిల్లీలీటరుకి ఇన్ని లక్షల సెల్స్" అంటారు. రెండూ కావలసిన సంగతులే. కానీ ఆ సెల్ లోపల ప్రొటీన్ ఎంత ఉంది, కొవ్వు ఎంత ఉంది, ఆ కొవ్వులో జోయాకి, అంటే తిండి మొదలుపెట్టే దశలోని రొయ్య పిల్లకి, అక్కరకొచ్చేది ఎంత అన్నది రంగు చూసో, కౌంట్ చూసో చెప్పలేం. జాతి ఒకటే, మీడియా (ఆల్గేకి పోషకాలిచ్చే ద్రావణం) ఒకటే, కౌంట్ ఒకటే అయినా రెండు ట్యాంకుల్లో తిండి వేరువేరుగా ఉండొచ్చు. ఆ తేడాను తెచ్చేవాటిలో మీరు సులువుగా మార్చగలిగింది వెలుతురు. చాలామంది దాన్ని ఆల్గే "ఎంత త్వరగా పెరుగుతుంది" అన్న ఒక్క లెక్కతోనే చూస్తారు. ఆ సెల్ ఎలాంటి తిండి అవుతుందో కూడా అదే నిర్ణయిస్తుంది. నేను చెప్పబోయేదంతా దీని గురించే.

అసలు ఆల్గే ఎందుకు అన్నది ఇక్కడ ఎవరికీ కొత్త కాదు కాబట్టి గబగబా చెప్పేస్తాను. గుడ్డులోంచి వచ్చిన నాప్లియస్ తన దగ్గరున్న పచ్చసొనతో గడుపుకుంటుంది, బయటి తిండి ముట్టదు. జోయాగా మారిన క్షణం నుంచి నోరు తెరుస్తుంది. ఆ నోటికి పట్టేది కొన్ని మైక్రాన్ల సెల్ మాత్రమే. తర్వాతి మైసిస్ దశకొచ్చేసరికి ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవిని అందుకుంటుంది. జపాన్‌లో మోటోసాకు ఫుజినాగా కురుమా రొయ్య లార్వాలను పెంచగలిగారంటే స్కెలిటోనీమా అనే డయాటమ్‌ను (సిలికా గోడ ఉన్న ఆల్గే రకం) తిండిగా వాడటం దానికి పెద్ద కారణం. ఆయన తన పనిని 1942లో ప్రచురించారు. అప్పటి టైగర్ రొయ్య అయినా, 2009లో మన దేశంలో అనుమతి వచ్చిన వెనామీ అయినా, జోయా ముందు పెట్టే తిండి ఈ డయాటమ్‌లే. మన తీరంలో భీమిలి నుంచి నెల్లూరు దాకా ఉన్న హ్యాచరీల్లో ఎక్కువగా కనిపించేది కీటోసెరోస్. తర్వాత థలాసియోసిరా, స్కెలిటోనీమా.

రొయ్య తనకు కావలసిన ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలను సరిపడా తయారు చేసుకోలేదు. తిండిలోనే రావాలి. సముద్రంలో వీటిని పెద్ద ఎత్తున తయారు చేసేది ఈ సూక్ష్మ శైవలాలే. చేప నూనెలో ఉన్న ఒమేగా-3 కూడా ఎక్కడో ఒకచోట ఆల్గే నుంచి మొదలైందే.

ఇప్పుడు సెల్ లోపలికి వెళ్దాం. ఆస్ట్రేలియాలో హోబర్ట్‌లోని సీఎస్‌ఐఆర్‌ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ముఖ్యంగా మాల్కమ్ బ్రౌన్, హ్యాచరీల్లో వాడే జాతులను ఏళ్ల తరబడి విశ్లేషించారు. లాగ్ దశ (సెల్స్ వేగంగా రెట్టింపవుతూ పోయే దశ) చివర్లో తీసిన ఆల్గేలో పొడి బరువులో మామూలుగా ప్రొటీన్ 30 నుంచి 40 శాతం, కొవ్వు 10 నుంచి 20 శాతం, పిండి పదార్థం 5 నుంచి 15 శాతం ఉంటుందని లెక్క తేలింది. కొవ్వు ఆమ్లాల దగ్గరకొస్తే జాతి తేడా బాగా కనిపిస్తుంది. కీటోసెరోస్ లాంటి డయాటమ్‌లలో ఈపీఏ పుష్కలం, డీహెచ్‌ఏ తక్కువ. మనం టీ-ఐసో అని పిలిచే ఐసోక్రైసిస్‌లో డీహెచ్‌ఏ బాగుంటుంది, ఈపీఏ లేనట్టే. (దాని శాస్త్రీయ నామం ఇప్పుడు టిసోక్రైసిస్ లూటియా అయింది. హ్యాచరీలో మాత్రం ఎవరూ మార్చుకోలేదు, నేనూ మార్చుకోలేదు.) నానోక్లోరోప్సిస్‌లో ఈపీఏ ఎక్కువ. డీహెచ్‌ఏ కోసం మాత్రం దాని వైపు చూడకండి.

ఈ అంకెలను గోడ మీద అతికించిన చార్టులు చాలా హ్యాచరీల్లో చూశాను. చార్టు తప్పు కాదు. కానీ ఆ అంకెలు ఫలానా వెలుతురులో, ఫలానా ఉష్ణోగ్రతలో, ఫలానా దశలో తీసిన ఆల్గేవి. మీ ట్యాంకులో ఉన్నదానివి కావు.

వెలుతురును కొలవడం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. మన దగ్గర అందరి దగ్గరా ఉండేది లక్స్ మీటర్. అది మనిషి కంటికి ఎంత వెలుతురుగా కనిపిస్తుందో చెప్పే పరికరం. మన కన్ను పసుపు-ఆకుపచ్చ వెలుతురును బాగా పట్టుకుంటుంది, నీలాన్నీ ఎరుపునూ అంతగా పట్టుకోదు. ఆల్గేకి నీలం, ఎరుపు కూడా కావాలి. అందుకే ల్యాబుల్లో 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని మైక్రోమోల్ ఫోటాన్లు పడుతున్నాయో కొలుస్తారు. లక్స్‌ను దీనికి మార్చాలంటే ఎండకైతే సుమారు 54తోనూ, తెల్ల ట్యూబ్‌లైట్‌కైతే సుమారు 74తోనూ భాగించాలి. అంటే ట్యూబ్‌లైట్ ముందు 5,000 లక్స్ చూపిస్తే అది దాదాపు 68 మైక్రోమోల్. మే నెల మధ్యాహ్నం మిట్ట ఎండ లక్ష లక్స్ దాటుతుంది. అది దాదాపు 2,000 మైక్రోమోల్. ఈ రెండు అంకెలనూ గుర్తు పెట్టుకోండి. వీటితో తర్వాత పని ఉంది.

వెలుతురు పెంచుకుంటూ పోతే ఏమవుతుంది? మొదట ఎంత పెంచితే అంత కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక ఇంకా వెలుతురు ఇచ్చినా వేగం పెరగదు. కల్చర్‌లో వాడే చాలా జాతులకు ఆ స్థాయి 100 నుంచి 300 మైక్రోమోల్ మధ్య వస్తుంది. ఇంకా పెంచితే దెబ్బ తగులుతుంది. వెలుతురును పట్టే ఫోటోసిస్టమ్-2లో డీ1 అనే ప్రొటీన్ ఉంటుంది. తీవ్రమైన వెలుతురులో అది పాడైపోతూ ఉంటుంది, సెల్ దాన్ని మరమ్మతు చేస్తూ ఉంటుంది. పాడయ్యే వేగం మరమ్మతును మించితే సెల్ నీరసిస్తుంది, రంగు పాలిపోతుంది.

ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. పోషక విలువ కథ ఈ గ్రాఫ్‌కి వెనక నడుస్తుంది.

తక్కువ వెలుతురులో ఉన్న సెల్‌ను తీసుకుందాం. దానికి ఫోటాన్లే కరువు. చేపలు పలచగా ఉన్నప్పుడు వేటకెళ్లినవాడు పెద్ద వల దించినట్టు, ఆ సెల్ వెలుతురు పట్టే యంత్రాంగాన్ని పెంచుకుంటుంది. క్లోరోఫిల్ పెరుగుతుంది. డయాటమ్‌లకు గోధుమ రంగునిచ్చే ఫ్యూకోజాంథిన్ పెరుగుతుంది. ఈ వర్ణకాలన్నీ ఉండాలంటే క్లోరోప్లాస్ట్ లోపలి థైలకాయిడ్ పొరలు కావాలి, అవీ పెరుగుతాయి. ఆ పొరలు దేంతో తయారవుతాయి? ఎక్కువ భాగం గెలాక్టోలిపిడ్లు అనే కొవ్వులతో. డయాటమ్‌లలో, నానోక్లోరోప్సిస్‌లో ఈపీఏ ఎక్కువగా కూర్చునేది ఈ గెలాక్టోలిపిడ్లలోనే. కాబట్టి వెలుతురు తగ్గితే పొర పెరుగుతుంది, పొర పెరిగితే మొత్తం కొవ్వులో ఈపీఏ వాటా పెరుగుతుంది. చాలా జాతుల్లో ప్రొటీన్ వాటా కూడా ఇలాంటి సెల్‌లోనే మెరుగ్గా ఉంటుంది, ఎందుకంటే మిగులు కార్బన్ లేదు కాబట్టి దాచుకోవడానికి పిండీ లేదు, నూనే లేదు.

అందుకే ముదురు రంగు తిరిగిన కల్చర్ చూసి "బలంగా ఉంది" అనుకోవడం దగ్గర నాకు అభ్యంతరం. ఒక్కోసారి ఆ ముదురు రంగు వెలుతురు చాలడం లేదని సెల్ చెప్పుకుంటున్న మాట. పలచటి రంగు ఉన్న కల్చర్ నీరసంగా ఉందనీ చెప్పలేం. బాగా వెలుతురున్న చోట పెరిగిన సెల్‌కి అంత వర్ణకం అక్కర్లేదు.

ఇప్పుడు ఎక్కువ వెలుతురు. ఇక్కడ సెల్‌కి శక్తి, కార్బన్ రెండూ మిగులుతున్నాయి. ప్రొటీన్ చేయడానికి నైట్రోజన్ కావాలి, విభజనకు సమయం కావాలి. మిగిలిన కార్బన్‌ను ఎక్కడో పెట్టాలి. డయాటమ్‌లు దాన్ని క్రైసోలామినారిన్ అనే పిండి పదార్థంగా దాస్తాయి. చాలా జాతులు ట్రైగ్లిసరైడ్ రూపంలో నూనె చుక్కలుగానూ దాస్తాయి. ఈ నిల్వ నూనెలో ఎక్కువగా ఉండేది 14, 16 కార్బన్ల సంతృప్త కొవ్వు ఆమ్లాలు, 16 కార్బన్లలో ఒకే ద్విబంధం ఉన్నది. ఈపీఏ వాటా పడిపోతుంది. వర్ణకాల్లోనూ మార్పు వస్తుంది. వెలుతురు పట్టే వర్ణకం తగ్గి, ఎక్కువైన వెలుతురును వేడిగా వదిలేసే రక్షక వర్ణకం పెరుగుతుంది. డయాటమ్‌లలో డయాడినోజాంథిన్ కొద్ది నిమిషాల్లోనే డయాటోజాంథిన్‌గా మారి ఈ పని చేస్తుంది.

దీన్ని శుభ్రంగా చూపించిన పాత పని ఒకటుంది. 1989లో ఇజ్రాయెల్‌లో సుకెనిక్, ఆయన సహచరులు నానోక్లోరోప్సిస్‌ను వేరువేరు వెలుతురుల్లో పెంచారు. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు గెలాక్టోలిపిడ్లు, వాటితోపాటు ఈపీఏ ఎక్కువ. వెలుతురు సరిపోయి మిగిలినప్పుడు ట్రైగ్లిసరైడ్లు పెరిగి, వాటితో 16 కార్బన్ల ఆమ్లాలు పెరిగి, ఈపీఏ వాటా తగ్గింది. సముద్రపు చేప పిల్లలకు పెట్టే రోటిఫర్లు అనే సూక్ష్మ జీవులను ఈ ఆల్గేతోనే పెంచుతారు కాబట్టి ఆ ఫలితం చేపల హ్యాచరీలవాళ్లకు నేరుగా అవసరమైనదే.

ఇంతవరకూ విని "అయితే వెలుతురు తగ్గించేద్దాం, ఈపీఏ పెరుగుతుంది" అని ఇప్పటికే కొందరు నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. ఆగండి.

ముందు శాతాల సంగతి చూద్దాం. ఊరికే లెక్క కోసం అంకెలు అనుకుందాం. తక్కువ వెలుతురులో ఒక సెల్‌లో 12 పికోగ్రాముల కొవ్వు ఉంది, అందులో ఈపీఏ 20 శాతం. ఎక్కువ వెలుతురులో అదే సెల్‌లో 20 పికోగ్రాముల కొవ్వు, ఈపీఏ 12 శాతం. రెండు చోట్లా ఈపీఏ 2.4 పికోగ్రాములే. శాతం 20 నుంచి 12కి పడింది, జోయా కడుపులోకి వెళ్లేది మాత్రం మారలేదు. పైగా రెండో సెల్‌లో శక్తి ఎక్కువ. కాబట్టి ఏ రిపోర్టు చేతికొచ్చినా మొదట చూడాల్సింది ఇది దేనిలో శాతం అని. మొత్తం కొవ్వు ఆమ్లాల్లోనా, పొడి బరువులోనా, ఒక్కో సెల్‌కా? విద్యార్థులూ, థీసిస్‌లలో ఈ ఒక్కటి సరిగ్గా రాయక ఎన్ని పోలికలు పనికిరాకుండా పోతున్నాయో చెప్పలేను. ప్రొటీన్ దగ్గర ఇలాంటిదే ఇంకొకటుంది. నైట్రోజన్‌ను కొలిచి 6.25తో హెచ్చించేస్తారు. ఆల్గేలో క్లోరోఫిల్‌లో, న్యూక్లియిక్ ఆమ్లాల్లో, సెల్ దాచుకున్న నైట్రేట్‌లో కూడా నైట్రోజన్ ఉంటుంది. అదంతా ప్రొటీన్ ఖాతాలో పడిపోతుంది.

శాతం తర్వాత దిగుబడి. మసక వెలుతురులో సెల్‌కి ఈపీఏ ఎంత బాగున్నా, రోజుకి లీటరు నీటిలో తయారయ్యే సెల్స్ తగ్గిపోతాయి. జోయా మొదటి రోజు ట్యాంకులో కావలసినంత ఆల్గే లేకపోతే దాని కొవ్వు ఆమ్లాల గురించి మాట్లాడుకుని లాభం లేదు.

అన్నిటికంటే నాకు ఆసక్తిగా అనిపించేది, తినేవాళ్లు ఏమంటున్నారు అన్నది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో థాంప్సన్, గువో, హారిసన్ 1993లో ఒక పని ప్రచురించారు. మూడు జాతుల ఆల్గేను ఎక్కువ, తక్కువ వెలుతురుల్లో పెంచి, పసిఫిక్ ఆయిస్టర్ లార్వాలకు పెట్టారు. అందరూ ఊహించేది ఒమేగా-3 వాటా ఎక్కువున్న తిండితో లార్వాలు బాగా పెరుగుతాయని. అక్కడ లార్వాల పెరుగుదల సంతృప్త కొవ్వు ఆమ్లాలతో, అంటే ఎక్కువ వెలుతురులో పెరిగే 14, 16 కార్బన్ల వాటితో ముడిపడి కనిపించింది. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. ఒమేగా-3 ఒక స్థాయి వరకు తప్పనిసరి. అది తీరాక లార్వాకి కావలసింది ఒళ్లు పెంచుకోవడానికి శక్తి. తేలిగ్గా కాల్చుకోగల కొవ్వు ఉంటే ఆ పని త్వరగా అవుతుంది. యూరప్ ఆయిస్టర్ పిల్లల మీద చేసిన పనిలోనూ ఇలాంటిదే కనిపించింది. అవసరమైన కొవ్వు ఆమ్లాలు సరిపడా ఉన్నంతవరకు పిండి ఎక్కువున్న ఆల్గేతో పెరుగుదల బాగుంది.

రొయ్య ఆయిస్టర్ కాదు. దీన్ని తీసుకెళ్లి జోయాకి అలాగే అంటించకండి. నేను దాన్నుంచి తీసుకునేది ఒక్కటే: ఈపీఏ శాతం ఒక్కదాన్నీ చూసి తిండి మంచిదో చెడ్డదో తేల్చకూడదు. మీ దగ్గర కీటోసెరోస్ ఉంటే ఈపీఏ ఎలాగూ ఉంటుంది. తీవ్రమైన వెలుతురులో పెరిగినా సున్నా అయిపోదు. జోయాకి ఎక్కువగా లోటు పడేది డీహెచ్‌ఏ. దాన్ని వెలుతురు తిప్పి తెచ్చుకోవడం కన్నా పక్కన టీ-ఐసో కొంచెం కలపడం తేలిక.

డీహెచ్‌ఏ మాటొచ్చింది కాబట్టి, అది ఈపీఏ నడిచిన దారిన నడవదు. దానిలో చాలా భాగం క్లోరోప్లాస్ట్ బయటి పొరల్లో ఉంటుంది. అందుకే వెలుతురు తగ్గితే ఈపీఏ పెరిగినట్టుగా డీహెచ్‌ఏ పెరగాలని ఏమీ లేదు. పావ్లోవా లుథెరీ అనే జాతిలో తక్కువ వెలుతురుకి ఈపీఏ వాటా, ఎక్కువ వెలుతురుకి డీహెచ్‌ఏ వాటా పెరిగినట్టు కనిపించింది. డునాలియెల్లా సలైనా ఇంకో దారి. మిట్ట ఎండ, ఎక్కువ ఉప్పు, నైట్రోజన్ కరువు మూడూ కలిస్తే అది బీటా కెరోటిన్‌ను నారింజ రంగు చుక్కలుగా దాచి, పొడి బరువులో 10 శాతం దాటిస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని హట్ లగూన్‌లో దాన్ని వ్యాపారంగా పండిస్తున్నారు. కెరోటిన్ కావాలనుకునేవాడికి మనం భయపడే ఎండే పెట్టుబడి.

ఇక మన షెడ్డు దగ్గరకి వద్దాం.

మీరు లక్స్ మీటర్ పెట్టి కొలిచేది నీటి పైన. సెల్స్ ఉండేది నీటిలోపల. కల్చర్ చిక్కబడేకొద్దీ పైన ఉన్నవి కింద ఉన్నవాటికి నీడ పడతాయి. ఉదాహరణకు పై 10 సెంటీమీటర్లలో వెలుతురు సగం ఆగిపోయింది అనుకోండి. 20 దగ్గర పావు వంతు, 30 దగ్గర ఎనిమిదో వంతు, 60 సెంటీమీటర్ల దగ్గర 64లో ఒక వంతు. మీటరు లోతు ట్యాంకు అడుగున వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. అప్పుడు గాలి గట్టిగా కొట్టడమంటే ఆక్సిజన్ కోసమో, కార్బన్ డయాక్సైడ్ కోసమో మాత్రమే అనుకోకండి. ఒక్కో సెల్‌ను పైకీ కిందికీ తిప్పి వెలుతురులో దాని వంతు దానికి ఇవ్వడం కూడా ఆ గాలి పనే. ఇదే కారణంగా, ట్యాంకు వేసిన మొదటి రోజున సెల్ చూసే వెలుతురు వేరు, మూడో రోజున అదే దీపం కింద అదే సెల్ చూసే వెలుతురు వేరు. దీపం మార్చలేదు కదా అని మనం అనుకుంటాం. లోపల పోషక విలువ మారిపోతూనే ఉంటుంది.

ఇంకొకటి, గది నుంచి బయటికి మార్చేటప్పుడు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న రెండు అంకెలు తీయండి. ఏసీ గదిలో కార్బాయ్‌లో (పెద్ద సీసాలో) 68 మైక్రోమోల్ దగ్గర పెరిగిన కల్చర్‌ను ఉదయం 11 గంటలకు బయట ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) ట్యాంకులో పోస్తే, నీళ్లు పలచగా ఉన్నాయి కాబట్టి నీడ లేదు, పైన 2,000. దాదాపు 30 రెట్లు. పైగా 24 డిగ్రీల నుంచి ఒక్కసారిగా 32 డిగ్రీలకు. ఆ సెల్ తన వర్ణకాలను తగ్గించుకుని సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు కావాలి. మనం ఒక్క నిమిషం ఇవ్వం. మర్నాటికి నురగ కట్టి, అడుగున పేరుకుంటే సీడ్ బాగాలేదనో, మందులు కలిసిన నీళ్లనో అంటాం. అవీ కారణాలు కావచ్చు. కానీ సాయంత్రం పూట కల్చర్‌ను ట్యాంకులో పోసి, మొదటి రోజు 75 శాతం షేడ్ నెట్ వేస్తే ఈ సమస్య చాలావరకు రాదు. 75 శాతం నెట్ కింద కూడా మిట్టమధ్యాహ్నం 500 మైక్రోమోల్ ఉంటుంది. అది చాలా ఎక్కువే, తక్కువ కాదు.

వెలుతురు ఒంటరిగా పనిచేయదు, దాని పక్కన నైట్రోజన్ ఉంటుంది. గిలార్డ్, రైథర్ 1962లో ఇచ్చిన మీడియాను సగానికి పలచన చేసి ఎఫ్/2 అని వాడుతున్నాం. అందులో లీటరుకి సోడియం నైట్రేట్ 75 మిల్లీగ్రాములు. వెలుతురు ఎక్కువైతే సెల్స్ ఈ నైట్రేట్‌ను త్వరగా తినేస్తాయి. నైట్రేట్ అయిపోయాక కూడా కార్బన్ వస్తూనే ఉంటుంది, అది మొత్తం నిల్వలోకే పోతుంది. అప్పుడు పిండి పదార్థం రెట్టింపు కావచ్చు, ఆ మేరకు ప్రొటీన్ పడిపోతుంది. డయాటమ్‌లకు సిలికేట్ అయిపోయినా విభజన ఆగి నూనె చేరుతుంది. 1996లో హోబర్ట్‌లో బ్రౌన్, సహచరులు థలాసియోసిరా సూడోనానాను వేరువేరు వెలుతురు పద్ధతుల్లో పెంచి, వేరువేరు దశల్లో కోసి, అంటే కల్చర్‌లోంచి ఆల్గేను తీసి చూశారు. ఏ దశలో కోశామన్నది పోషక విలువను బాగా మార్చేస్తుందని తేలింది. నా దృష్టిలో హ్యాచరీకి ఇదే ఎక్కువ పనికొచ్చే సంగతి. లక్స్ సరిచేయడానికి ఖర్చవుతుంది. ఒక రోజు ముందు కోయడానికి ఏమీ ఖర్చవదు.

మన కాలాలు చూడండి. ఏప్రిల్, మే నెలల్లో బయటి ట్యాంకులో వెలుతురూ వేడీ కలిసి వస్తాయి, మీరు దేనివల్ల ఏమైందో విడదీయలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, తుపాన్లు. వరుసగా నాలుగు రోజులు మబ్బు పడితే కౌంట్ పడిపోతుంది, అందరికీ టెన్షన్. ఆ రోజుల్లో వచ్చే తక్కువ కౌంట్, ముదురు గోధుమ రంగు ఆల్గేలో సెల్‌కి ఈపీఏ వాటా బాగానే ఉంటుంది, తక్కువయ్యేది సంఖ్య, శక్తి. అప్పుడు డోస్ లీటర్లలో కాకుండా సెల్స్ లెక్కలో వేయండి. వేసవిలో అదే కౌంట్ వేస్తే ఎక్కువ శక్తి పోతోందని గుర్తుంచుకోండి. చివరికి జోయా వెనకాల మల దారం వేలాడుతోందా, పేగు నిండుగా ఉందా అన్నదే నమ్మదగిన మీటర్. లక్స్ మీటర్ దాని తర్వాతే.

లోపలి గదికి నా సలహా ఇది. చిన్న ఫ్లాస్కులకు 1,000 లక్స్ దగ్గర చాలు. కార్బాయ్‌లకు, పెద్ద పరిమాణాలకు 5,000 నుంచి 10,000. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) మాన్యువల్ కూడా ఈ మాటే చెబుతుంది. స్టాక్ కల్చర్‌ను, అంటే విత్తనంగా దాచుకునేదాన్ని, తక్కువ వెలుతురులో నెమ్మదిగా ఉంచండి, దాన్ని తిండిగా వాడం కదా. తిండికి వాడేదాన్ని మాత్రం మంచి వెలుతురులో పెంచి, లాగ్ దశ చివర్లోనే తీసేయండి. ఇంకా కాస్త చిక్కబడనీ అని ఆపకండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

— మేడమ్, మేం ట్యూబ్‌లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టాం. లక్స్ అంతే ఉంచాం. కల్చర్ మాత్రం వేరుగా ఉంది. ఎందుకు?

లక్స్ అంతే ఉంచారు, ఫోటాన్లు అంతే ఉన్నాయో లేదో తెలియదు. నీలం ఎక్కువున్న ఎల్‌ఈడీ కింద లక్స్ మీటర్ తక్కువ చూపిస్తుంది, ఆల్గేకి మాత్రం చాలా అందుతుంది. తెల్ల ఎల్‌ఈడీల్లో కూడా కంపెనీకో రంగు. లక్స్ వదిలేసి, కొత్త దీపం కింద ఒక వారం పాటు రోజూ కౌంట్ చేసి పెరుగుదల రేటు చూడండి. పాత రేటు ఎక్కడ వస్తుందో ఆ దూరంలో దీపం కట్టండి. డయాటమ్‌లకు ఫ్యూకోజాంథిన్ ఉంది కాబట్టి ఆకుపచ్చ వెలుతురులో కొంత కూడా వాడుకుంటాయి. ఎరుపు, నీలం మాత్రమే ఉన్న ఖరీదైన దీపాలు కొనాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

— 24 గంటలూ లైట్లు వేసి ఉంచవచ్చా?

మీరు వాడే డయాటమ్‌లు చాలావరకు తట్టుకుంటాయి. కరెంటు బిల్లు తట్టుకుంటుందో లేదో మీరు చూసుకోవాలి. కానీ 12 గంటలు 100 మైక్రోమోల్ ఇవ్వడం, 24 గంటలు 50 ఇవ్వడం రెండూ ఒకటే అనుకోకండి. రోజంతా కలిపితే ఫోటాన్లు సమానమే, సెల్ కూర్పు సమానం కాదు. ఇందాక చెప్పిన 1996 నాటి పనిలో ఈ పోలిక కూడా ఉంది.

— బయటి ట్యాంకు ఆల్గేని పొద్దున్న తీసి వేయాలా, సాయంత్రమా?

మంచి ప్రశ్న. ఎండ ఉన్నంతసేపూ సెల్ పిండిని, నూనెను దాచుకుంటుంది. రాత్రి ఆ నిల్వను కాల్చుకుంటూ ప్రొటీన్ చేసుకుంటుంది, విభజన జరుపుకుంటుంది. కాబట్టి సాయంత్రం నాలుగైదు గంటలకు తీసినదాంట్లో సెల్‌కి శక్తి ఎక్కువ, తెల్లవారుజామున తీసినదాంట్లో ప్రొటీన్ వాటా ఎక్కువ. జోయా రాత్రంతా తింటూనే ఉంటుంది. రోజుకి రెండు మూడు సార్లు ఆల్గే వేసేవాళ్లకు రెండు రకాలూ వాటంతటవే అందుతాయి. ఒక్కసారే వేసేవాళ్లయితే నేను సాయంత్రానికే ఓటేస్తాను. అయితే అప్పటికప్పుడు తీసి వేయండి. సాయంత్రం తీసి, బకెట్లలో మూత పెట్టి, పొద్దున్న వేస్తే ఆ దాచుకున్నదంతా చీకట్లో అదే తినేసి ఉంటుంది.